పదకొండు తాళ్ళకి ఒక పేరు

కుక్కలంటే నాకు చీదర. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే ఇదంతా చదివి నన్నో జంతుప్రేమికురాలిననుకునే ప్రమాదం ఉంది. వాటి వాసన నాకు పడదు, చొంగ పడదు, కనబడ్డ ప్రతి స్తంభం దగ్గరా కాలెత్తడం అసలే పడదు. నాది బట్టలు కుట్టే కొట్టు. పేర్లు కుట్టే మిషను కూడా ఒకటుంది. బడిపిల్లల చొక్కాల మీద బడి పేరు, హోటలు పనివాళ్ళ టోపీల మీద హోటలు పేరు కుడుతుంటాను. నల్లగుడ్డ పరిచి కత్తెర పెట్టబోతుంటే ఎక్కడినుంచో ఓ తెల్ల వెంట్రుక వచ్చి దాని మీద వాలుతుంది చూడండి, అప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ వెంట్రుకలన్నీ తాళ్ళావిడ బట్టలకి అంటుకుని వచ్చేవి.

తాళ్ళావిడ ఎవరంటే మా వీధిలో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. భుజం మీద పదకొండు తాళ్ళేసుకుని తెల్లారకముందే బయల్దేరి, ఎండ ముదిరే వేళకి తిరిగొచ్చే పొడుగాటి మనిషి. వీధి చివర ఎత్తు గోడ, పెద్ద గేటు ఉన్న అపార్ట్‌మెంట్లున్నాయి. అందులో పదకొండు ఇళ్ళ కుక్కల్ని రోజూ తిప్పుకు రావడం ఆమె పని. మొదట్లో ఆ ఇళ్ళలో గదులు తుడిచేది. ఓ ఇంటావిడ కాలు బెణికి కుక్కని కాస్త తిప్పుకురమ్మని బతిమాలింది, ఈమె తిప్పింది, పక్కింటి వాళ్ళు చూశారు. అలా చీపురు పోయి తాడొచ్చింది. మొగుడు బస్సు డ్రైవరుగా చేసి, నడుము పట్టేసి, ఆరేళ్ళుగా ఇంట్లోనే కూర్చున్నాడు. ఇల్లు గడిచేది ఆ పదకొండు కుక్కల మీదే.

తొమ్మిదేళ్ళ కిందట మొదటిసారి నా కొట్టు మెట్టెక్కి, కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు కావాలంది. ఎందుకన్నాను. తెల్లవారుజామున చీకట్లో ఏ తాడు ఏ కుక్కదో తెలియడం లేదట. రంగులు అక్కర్లేదు, ముట్టుకుంటే తేడా తెలిసేవి ఇవ్వమంది. ఒక తాడుకి మఖమలు, ఒకదానికి గరుకు కాన్వాసు, ఒకదానికి జారిపోయే లైనింగు గుడ్డ, అలా పదకొండు పీలికలు ఏరుకుంది. ఆ ఏరుకోవడంలో తొందరలేదు, మొహమాటం లేదు. నాకు నచ్చింది. నచ్చినా సరే, ఆ వాసనతో లోపలికి రావద్దని, మెట్టు మీదే కూర్చోమని చెప్పాను. ఏమీ అనుకోకుండా అక్కడే కూర్చుంది. ఆ రోజు నుంచి తిరిగొచ్చేటప్పుడల్లా ఆ మెట్టు మీద కూర్చుని ఓ గ్లాసు టీ తాగి పోవడం అలవాటైంది.

తర్వాత అరిగిపోయిన సుద్దముక్కలడిగింది, బట్ట మీద గుర్తులు పెట్టుకునే సుద్ద. ఇది ఎందుకో తెలిశాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. కుక్కని తిప్పి తెచ్చి అప్పగించాక, ఆ ఇంటి గుమ్మం వారన, కింద మూలకి సుద్దతో ఒక గుర్తు పెట్టేదట. గీత గీస్తే కుక్క దొడ్డికి సరిగ్గా వెళ్ళిందని. సున్నా చుడితే అసలు వెళ్ళలేదని. ఇంటూ కొడితే తేడాగా ఉంది, డాక్టరుకి చూపించండని. ఆ ఇళ్ళవాళ్ళు మళ్ళీ తలుపు తీసినప్పుడు ముందు ఆ గుర్తు చూసుకుని, ఆ తర్వాతే పేపరు తీసుకునేవాళ్ళు. ఈ పద్ధతి ఆమెకి ఎవరూ నేర్పలేదు, తనే పెట్టుకుంది.

నా సుద్దతోనా ఈ రోత రాతలు అని తిట్టాను. తను తాపీగా టీ ఊదుకుంటూ, నోరులేని దాని ఒంట్లో ఏముందో అదొక్కటే చెప్తుంది కదా అంది. సంచీతో ఎత్తి పారేసేముందు తను ప్రతిదాన్నీ చూస్తుందట. ఏ ఇంట్లో బిస్కెట్లతో సరిపెడుతున్నారో, ఏ ఇంట్లో మొగుడూపెళ్ళాలు పోట్లాడుకుని కుక్కకి పెట్టడం మర్చిపోయారో అంతా తెలుస్తుందట. నా గ్లాసు కింద పెట్టేశాను. టీ తాగుతూ చెప్పే కబుర్లా ఇవి? కానీ ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. తొమ్మిదేళ్ళలో ఆమె పెట్టిన ఇంటూ ఒక్కటీ తప్పలేదు. రెండు కుక్కలకి ప్రాణాలు నిలబడ్డాయి కూడా.

గొడవ రెండో అంతస్తులో మొదలైంది. ఆ అపార్ట్‌మెంట్ల సంఘానికి సెక్రెటరీ ఒకాయన ఉన్నాడు. ఇస్త్రీ నలగని మనిషి, మాట్లాడేటప్పుడు పళ్ళు తప్ప ఏదీ కదలదు. ఆయనకో పెద్ద గోధుమరంగు కుక్క. దాన్ని పొద్దున్నే తాళ్ళావిడకి అప్పగించడం, తెచ్చాక బాల్కనీలో పెట్టి తలుపేసి ఆఫీసుకి పోవడం. రోజంతా అది ఎండలో అక్కడే. తోచకో ఆకలికో కాళ్ళపట్టా నమిలేది, ఆరేసిన మేజోళ్ళు మింగేది, ప్లాస్టిక్ సంచులు మింగేది. మింగింది బయటికొచ్చేది. తాళ్ళావిడ ఇంటూ కొట్టేది. వరసగా పదహారు రోజులు ఆయన గుమ్మం దగ్గర ఇంటూలే. లిఫ్టు దిగే వాళ్ళంతా అది చూస్తూ పోతున్నారు. ఓ పెద్దాయన, పాపం ఏమైందండీ మీ కుక్కకి అని నలుగురిలో అడిగాడట.

అంతే, సెక్రెటరీగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. కుక్కని బాల్కనీలోంచి లోపలికి రానివ్వాలన్న బుద్ధి పుట్టలేదు. మీటింగు పెట్టాడు. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి కుక్కల్ని తిప్పేవాళ్ళు ఎవరైనా సరే ఓ పేరున్న సంస్థగా నమోదై, ఆ పేరు కుట్టిన కోటు వేసుకొస్తేనే గేటు పాసు. ఆ పేరు సెక్రెటరీ ఒప్పుకోవాలి. గోడల మీద, గుమ్మాల మీద గుర్తులు పెట్టకూడదు. కుక్క సంగతులు నోటితో చెప్పకూడదు, ఫోన్లో, అదీ బొమ్మ రూపంలో పంపాలి. ఇదంతా శుభ్రత కోసమట. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడింటి మురికి గుమ్మం మీద కనపడిందని ఊరందరి నోరూ కట్టేస్తే అది శుభ్రతా?

తాళ్ళావిడకి మాత్రం ఒళ్ళు మండే తీరిక లేదు. పాసు లేకపోతే పదకొండు తాళ్ళూ కొక్కేనికి వేలాడతాయి, ఇంట్లో పొయ్యి వెలగదు. ఒక పేరే కదక్కా, ఏదో ఒకటి పెడదాం అంది. అప్పుడు దిగాడు రంగంలోకి ఆమె మరిది.

ఈ మరిది గురించి చెప్పాలంటే నాకు నోరు చేదవుతుంది. చిటికెడు పని చేయడు, గంపెడు మాటలు చెప్తాడు. ఏ వ్యాపారమైనా ముందు పేరు పెట్టి, బోర్డు రాయించి, ఆ తర్వాత ఏం అమ్మాలో ఆలోచిస్తాడు. ఇప్పటికి మూడు బోర్డులు రాయించాడు. పళ్ళరసాల కొట్టు బోర్డు తాళ్ళావిడ ఇంట్లో నీళ్ళ తొట్టి మీద మూతగా ఉంది. ట్యూషన్ల బోర్డు కిటికీకి అడ్డం. పాత సామాన్ల బోర్డు మీద వాళ్ళాయన కూర్చుని నడుముకి తైలం రాయించుకుంటాడు. అలాంటి మనిషి, పేరు సంగతి నాకొదిలేయ్ వదినా అన్నాడు. వదిలేసింది. నన్నడిగితే అక్కడే కాలు జారింది.

పేరు తేల్చడానికి ముగ్గురూ నా కొట్టుకే వచ్చారు, కోట్ల మీద కుట్టేది నేనే కాబట్టి. మరిది నా కత్తిరింపు బల్ల మీదెక్కి కూర్చున్నాడు. దించాను. మొగుడు నడుం పట్టుకుని స్టూలు మీద, ఆమె ఎప్పట్లాగే మెట్టు మీద. మరిది ఒక్కో పేరూ చదవడం మొదలుపెట్టాడు. రాజపాదాలు. నాలుగు పాదాల నందనం. మృదు అడుగులు. కుక్క అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఎందుకు లేదయ్యా అంటే, అది నామోషీ అన్నాడు. ఇప్పటికే చుట్టాలు అడిగితే వదిన ఆరోగ్యరంగంలో ఉందని చెప్పుకుంటున్నారట. ఆమె తెచ్చిన కూడు తింటూ ఆమె చేసే పని పేరెత్తడానికి సిగ్గు! స్టూలు మీది మొగుడు నేల చూపులు చూశాడు. కాసేపటికి ఆయనకీ హుషారు వచ్చి తోకచుక్క అన్నాడు. అపశకునమని మరిది కొట్టేశాడు. నిజం చెప్పొద్దూ, ఉన్నవాటిలో అదే నాకు బాగుంది.

నీకేం కావాలో చెప్పవే అని నేనే ఆమెని కదిపాను. తాడు కొస పీక్కుంటూ చెప్పింది.

"పొద్దున్నే కుక్కల్ని తిప్పి, ఎలా ఉన్నాయో చెప్తాం. అంతే కదక్కా మనం చేసేది. అదే రాస్తే పోలా?"

మరిది పగలబడి నవ్వాడు. అది పేరా, ఉత్తరమా అన్నాడు. వీపు మీద అన్ని అక్షరాలు పట్టవు కదా వదినా అన్నాడు. పడతాయి. రెండు వరసల్లో శుభ్రంగా పడతాయి. ఆ మాట నేను అప్పుడు గట్టిగా అనాల్సింది, అనలేదు. ఎక్కువ అక్షరాలంటే ఎక్కువ దారం, ఎక్కువ పని అని నా బుర్రలో లెక్క తిరుగుతోంది.

మరిది రాసుకున్న పేర్లు పట్టుకుని వదినామరుదులు సెక్రెటరీ దగ్గరికి వెళ్ళారు. అక్కడ జరిగింది ఆమే చెప్పింది. ఆయన ముక్కుకి రుమాలు అడ్డంపెట్టుకునే మాట్లాడాడట. ఆమె స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్ళింది, అయినా అడ్డమే.

"పేరు వింటే కుక్క గుర్తుకు రావాలి గానీ, కుక్క చేసే పని గుర్తుకు రాకూడదు," అన్నాడట.

మరిదికి అది దేవవాక్కైపోయింది. అక్కడికక్కడే 'నవ్వుల నడక' అని కొత్తది అల్లేశాడు. సెక్రెటరీ పళ్ళు కనిపించేలా మెచ్చుకున్నాడు. ఏ కుక్క నవ్విందని ఆ పేరు అని ఆమె అడగబోతే, మరిది మోచేత్తో పొడిచాడట. కాగితం మీద యజమాని అన్న చోట మరిది తన పేరు రాసుకున్నాడు, ఫోను తనదే కాబట్టి. ఆమెని నడిపించేవాళ్ళ వరసలో చేర్చాడు.

నేను ఆకుపచ్చ గుడ్డతో చేతుల్లేని కోట్లు ఆరు కుట్టి, వీపు మీద పసుప్పచ్చ దారంతో ఆ పేరు వేశాను. మనిషి ఒకతే, కోట్లు ఆరు. ఎందుకంటే, పైకి ఎదుగుతాం కదా అన్నాడు మరిది. తాళ్ళావిడ ఓ కోటు తొడుక్కుని అటూ ఇటూ తిరిగి, ఎలా ఉందక్కా అంది. అసహ్యంగా ఉందన్నాను. నవ్వేసింది. నవ్వులాటకి అనలేదు నేను.

ఇక పద్ధతి ఏమిటంటే, ఆమె కుక్కల్ని అప్పగించి గేటు బయటికొచ్చాక మరిదికి ఫోను చేసి పదకొండింటి సంగతీ వరసగా చెప్పాలి. మరిది ఎవరి ఇంటి కబురు వాళ్ళకి పంపాలి. ఆమె నా మెట్టు మీద కూర్చుని చెప్పేది, రోజూ వినేదాన్ని. మొదటి తాడు గీత, రెండోది గీత, మూడోది సున్నా, అలా. అవతల మరిది ఊఁ కొట్టేవాడు. పక్కమీంచి ఊఁ కొడుతున్నాడని ఆ గొంతు వింటేనే తెలిసేది. ఆ దరిద్రుడు చేసిన ఘనకార్యం మాకు నెలన్నర దాకా తెలియలేదు. ఎక్కడో దొరికిన నవ్వుమొహం కుక్క బొమ్మ ఒకటి పట్టుకుని, దాని కింద 'నవ్వుల నడక. ఈ రోజు నడక హాయిగా సాగింది' అని రాసి, రోజూ ఎనిమిదింటికి పదకొండు ఇళ్ళకీ దానంతటదే పోయేలా ఫోన్లో పెట్టేసి పడుకునేవాడు. ఆమె చెప్పిన గీతలూ సున్నాలూ గాలికి పోయాయి.

సెక్రెటరీ కుక్కకి సున్నా పడింది ఒక సోమవారం. మంగళవారం మళ్ళీ సున్నా, ముక్కి ముక్కి ఊరుకుంది. బుధవారం నడవనే లేదు, గోడవారన కూలబడి పచ్చగా కక్కింది. మూడు రోజులూ ఆమె ఫోన్లో చెప్పింది, నా చెవులతో విన్నాను. ఏదో అడ్డం పడింది, డాక్టరుకి చూపించమను అని మరీ మరీ చెప్పింది. చెప్తాలే వదినా అన్నాడు. బుధవారం ఆమెకి మనసొప్పక, రూలు తప్పైనా సరేనని, కుక్కని అప్పగించాక మళ్ళీ వెళ్ళి సెక్రెటరీ ఇంటి బెల్లు కొట్టింది. ఆయన తలుపు సగం తీసి, గడ్డం గీసుకుంటున్న నురగతోనే, ఏదైనా ఉంటే ఫోన్లో పంపండి, పొద్దున్నే ఆ మాటలు వద్దన్నాడు. తలుపు మూశాడు. ఫోన్లో నవ్వుమొహం వచ్చింది.

గురువారం మధ్యాహ్నం ఆ కుక్క డాక్టరు బల్ల మీద చచ్చిపోయింది. పొట్ట కోసి చూస్తే పేగులో మేజోడు, దానికి చుట్టుకుపోయిన ప్లాస్టిక్ సంచి. రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే బతికేదన్నాడట డాక్టరు.

సెక్రెటరీ గేటు దగ్గర నలుగురినీ పోగేసి ఫోను చూపించాడు. సోమవారం నవ్వు, మంగళవారం నవ్వు, బుధవారం నవ్వు, కుక్క ఆయాసపడుతున్న గురువారం పొద్దున కూడా నవ్వే. ఇదిగో, ఇలా మోసం చేస్తారు అన్నాడు. కబురు విని వచ్చిన తాళ్ళావిడ అక్కడే ఉంది, వీపు మీద ఆ పేరుతో. తన మాట ఎవరూ వినలేదు. 'నవ్వుల నడక'కి పాసు రద్దన్నారు.

నా కొట్టుకొచ్చి మెట్టు మీద కూర్చుంది. టీ ముట్టుకోలేదు. ఏడవలేదు కూడా. నేను మరిదినీ సెక్రెటరీనీ కలిపి నోటికొచ్చినట్టు తిట్టాను. నా తిట్లన్నీ అయ్యేదాకా ఆగి, అది మూడో రోజు నా కాళ్ళ మీద తల పెట్టిందక్కా అంది. ఎప్పుడూ అలా పెట్టేది కాదట. ఆమెకి కుక్కలంటే పెద్ద ప్రేమేం లేదని నాతో ఎన్నోసార్లు చెప్పింది, పని పనే అనేది. ఆ మధ్యాహ్నం అలా అనలేదు.

మర్నాడే ఊడిపడ్డాడు మరిది. మొహంలో సిగ్గు ఉంటుందేమోనని చూశాను. ఉన్నదల్లా తొందర. సెక్రెటరీతో మాట్లాడి వచ్చాడట. బాల్కనీ సంగతి బయటికి రావడం ఆయనకీ ఇష్టం లేదు, బొమ్మల సంగతి సాగడం వీడికీ ఇష్టం లేదు. ఇద్దరూ కూడబలుక్కుని, తప్పు 'నవ్వుల నడక'ది, ఆ సంస్థ మూతపడింది అని చేతులు దులుపుకున్నారు. ఇప్పుడు కొత్త సంస్థ, కొత్త పేరు, కొత్త పాసు. పేరు 'కొత్త అడుగు'. ఉన్న కోట్ల మీద పాత పేరు విప్పేసి ఇది కుట్టమన్నాడు. పాత గుడ్డే పనికొస్తుందిగా అన్నాడు. వదిన కూడా ఇందులో ఉండొచ్చట, జరిగిందాని గురించి నోరు మెదపకపోతే.

థూ అనిపించింది. అనిపించి ఏం చేశాను? కుట్లు విప్పే కొక్కెం తీసుకుని పని మొదలుపెట్టాను. రెండు కోట్లు విప్పేసి, మూడోదాని మీద మొదటి అక్షరం విప్పుతుండగా తాళ్ళావిడ వచ్చింది. అది ఆమె వేసుకునే కోటే, కాలరు దగ్గర తాడు రాపిడికి నలిగి ఉంటుంది. ముందురోజు వదిలేసి వెళ్ళింది. మరిది హుషారుగా కొత్త పేరు చెప్పాడు. ఆమె నన్నే చూస్తూ మాట్లాడింది.

"నాది విప్పొద్దక్కా."

పాసు రాదు వదినా, ఉన్న పది ఇళ్ళూ పోతాయి, అన్నయ్య మందులకి ఏం చేస్తావు అని మరిది గోల పెట్టాడు. నేనూ చెప్పాను, మొండికెయ్యకే, పేరుదేముంది అన్నాను.

"ఆ పేరుతోనే అబద్ధం పంపించాం. ఆ పేరు తీసేసి నేనెవర్నో తెలీనట్టు వాళ్ళ గుమ్మం ఎక్కమంటారా? చెప్పాల్సినవాళ్ళకి చెప్పేదాకా ఇది నా వీపు మీదే ఉంటుంది."

ఊడిన అక్షరం మళ్ళీ కుట్టించుకుని తొడుక్కుని వెళ్ళింది. మరిది నెత్తి కొట్టుకున్నాడు.

మరుసటి రోజు గేటు దగ్గర కాపలావాడు ఆపాడు. లోపలికి వెళ్ళలేదు, వెనక్కీ రాలేదు. గేటు పక్కన నిలబడింది. తిప్పేవాళ్ళు లేక కుక్కల్ని తమకి తామే లాక్కుంటూ బయటికొచ్చిన ప్రతి ఇంటివాళ్ళకీ ఎదురెళ్ళి చెప్పింది, మీకొచ్చిన బొమ్మలు పంపింది మేమే, నేను చూసిందొకటి మీకు చెప్పిందొకటి, మీ కుక్కకి ఫలానా రోజు సున్నా, ఫలానా రోజు ఇంటూ, ఒకసారి డాక్టరుకి చూపించండి అని. నెలన్నర లెక్క ఆమెకి నోటికే ఉంది. కొందరు తిట్టారు. ఒకావిడ సిగ్గులేదా అని మొహం మీదే అంది. లేకేమండీ ఉంది, అందుకే వచ్చాను అందట. పది ఇళ్ళలో నలుగురు, విని, కాసేపు నిలబడి, మర్నాటి నుంచి తామే కుక్కని గేటు దాకా తెచ్చి ఆమె చేతికిచ్చారు. పదకొండు తాళ్ళు నాలుగయ్యాయి. ఇల్లు ఎలా నెట్టుకొస్తోందో నేను అడగలేదు. ఓ పూట గదులు తుడిచే పనికి మళ్ళీ వెళ్తోందని వాళ్ళాయనే చెప్పాడు. ఇంకా ఎందుకే ఆ దిక్కుమాలిన కోటు, తీసి పారెయ్ అన్నాను ఓ రోజు. ఇంకా ముగ్గురికి చెప్పలేదక్కా, వాళ్ళు కారులో పోతారు, ఆగరు అంది.

'కొత్త అడుగు'కి పాసు వచ్చింది. మనుషుల్ని పెట్టాడు మరిది. నెల తిరక్కముందే సెక్రెటరీ ఇంకో కుక్కపిల్లని కొన్నాడు, ఈసారి తెల్లది. బాల్కనీ అదే. మరిది ఇరవై కోట్లు కావాలని నా దగ్గరికొచ్చాడు. పొమ్మందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. కానీ నేను కాకపోతే ఇంకొకడు కుడతాడు, గుడ్డకీ దారానికీ పేరుతో పనేముంది, ఇలా నాకు నేనే చెప్పుకున్నాను. బడులు మూసే రోజులు, మిషను ఖాళీగా ఉంది. కొట్టు వెనక గదిలో పెట్టుకుని కుట్టాను, వీధిలోకి కనపడకుండా. ఎవరికి కనపడకుండానో నాకు తెలుసు.

మొన్న ఆమె మెట్టు మీద కూర్చుని టీ తాగుతోంది. వీపు మీద ఆ పాత పేరే, పసుప్పచ్చ దారం వెలిసిపోయింది. అంతలో కొత్త సంస్థ మనిషి ఒకతను, నడివయసువాడు, కోటు జిప్పు పట్టడం లేదని వచ్చాడు. బాగుచెయ్యమని బల్ల మీద పెట్టాడు. ఆమె లేచి, ఎన్నడూ లేనిది కొట్టు లోపలికి వచ్చి, ఆ కోటు తిరగేసి చూసింది. అక్షరాల చివర నేను రెండు అడ్డకుట్లు వేస్తాను, దారం ఊడకుండా. ఈ వీధిలో అలా వేసేది నేనొక్కదాన్నే. ఆ రెండు కుట్లనీ వేలితో నిమిరింది.

"మీ చెయ్యే కదా," అంది.

అవునన్నాను. అంతమందిని అన్ని మాటలన్నదాన్ని, జిప్పు చూస్తున్నట్టు తల వంచుకున్నాను. కుట్టు గట్టిగా ఉంది అని, గ్లాసు కడిగి బోర్లించి, నాలుగు తాళ్ళూ భుజానేసుకుని వెళ్ళింది. రావడం మానేస్తుందనుకున్నాను గానీ, మానలేదు. ఇవాళ పొద్దున కూడా వచ్చింది, ఓ తాడు పీలిక చిరిగిందని కాన్వాసు ముక్క అడిగింది. ఇచ్చాను. తీసుకుని, వస్తానండీ టైలరుగారూ అంది.